పోస్ట్‌గ్రెస్ 15: ఆటోవాక్యూమ్ రోజంతా తిరుగుతోంది, డెడ్ రోస్ మాత్రం ఒక్కటీ పోవట్లేదు

క్యూలో_ఇరుక్కున్నా:

అందరికీ నమస్తే, వారం నుంచి బుర్ర తినేస్తున్న ప్రాబ్లం ఇది, ఎవరైనా పుణ్యం కట్టుకోండి. కమాండ్లు, టేబుల్ పేర్లు అన్నీ తెలుగులోనే రాస్తున్నా, టైప్ చేసేటప్పుడు మీరే ఇంగ్లీషులో కొట్టుకోండి.

మా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో జాబ్స్ అని ఒక టేబుల్ ఉంది, బ్యాక్‌గ్రౌండ్ పనులకి క్యూ లాగా వాడతాం. పని రాగానే పెండింగ్ అని ఇన్సర్ట్ అవుతుంది, వర్కర్ తీసుకుని రన్నింగ్ అని అప్‌డేట్ చేస్తుంది, అయిపోయాక డన్ అని ఇంకో అప్‌డేట్, కాసేపటికి క్లీనప్ వచ్చి డిలీట్ చేసేస్తుంది. రోజుకి ఎనిమిది లక్షల జాబ్స్ దాకా ఉంటాయి కానీ ఏ టైంలో చూసినా టేబుల్లో బతికున్న రోస్ 38 వేలు దాటవు. వర్కర్లు 24. అందరూ కొట్టేది ఒకటే క్వెరీ, పెండింగ్‌లో ఉన్నవాటిలో అన్నిటికన్నా పాతది ఒకటి ఇవ్వు, ఫర్ అప్‌డేట్ స్కిప్ లాక్డ్ (ఇంకో వర్కర్ పట్టుకున్నవి వదిలేసి తర్వాతది ఇవ్వమని), లిమిట్ 1. పెండింగ్ వాటికి క్రియేటెడ్ టైం మీద పార్షియల్ ఇండెక్స్ కూడా ఉంది. ఏడాదిన్నర నుంచి 2 మిల్లీసెకన్లలో వచ్చే క్వెరీ ఇది. ఇప్పుడు ఆరు సెకన్లు పడుతోంది, రోజు రోజుకీ పెరుగుతోంది కూడా.

ఇప్పటిదాకా చేసినవి చెప్తా, మళ్ళీ అవే చెప్పకండి ప్లీజ్. మెషీన్ 32 జీబీ నుంచి 64 జీబీకి మార్చాం, షేర్డ్ బఫర్స్ 16 జీబీ చేశాం, ఎస్ఎస్‌డీ కాబట్టి రాండమ్ పేజ్ కాస్ట్ 4 నుంచి 1.1కి దించాం, ఇండెక్స్ పడేసి మళ్ళీ కట్టాం. ఒకరాత్రి ధైర్యం చేసి వర్కర్లన్నీ ఆపి వాక్యూమ్ ఫుల్ (టేబుల్ మొత్తాన్ని కొత్త ఫైల్లోకి తిరగరాసే కమాండ్) కూడా కొట్టా, టేబుల్ సైజు అంగుళం తగ్గలేదు!! ఇప్పుడు 9 జీబీ ఉంది. 38 వేల రోస్‌కి 9 జీబీ. పీజీ స్టాట్ యూజర్ టేబుల్స్‌లో డెడ్ టపుల్స్ (చచ్చిన పాత రోస్) 2.6 కోట్లు చూపిస్తోంది, వాటిని ఊడ్చాల్సిన లాస్ట్ ఆటోవాక్యూమ్ మాత్రం రెండు నిమిషాల క్రితం అంటోంది. అంటే వస్తోంది, పోతోంది, ఏం పీకట్లేదు.

లాంగ్ ట్రాన్సాక్షన్ ఏదైనా ఉందేమోనని పీజీ స్టాట్ యాక్టివిటీ (ఇప్పుడున్న సెషన్ల లిస్ట్) పదిసార్లు చూశా, ఒక్కటి కూడా రెండు నిమిషాలు దాటింది లేదు. ఇక తెలీక ఇక్కడికొచ్చా.

కాన్ఫిగ్_బాబాయ్:

బ్రో వర్క్ మెమ్ ఎంత పెట్టావ్? డిఫాల్ట్ 4 ఎంబీనే ఉంటుంది, చాలామంది ముట్టుకోరు దాన్ని. 512 ఎంబీ పెట్టి చూడు, మాకు ఒక రిపోర్ట్ అయిదు నిమిషాల నుంచి ఇరవై సెకన్లకి వచ్చింది దానివల్లే. అలాగే ఆటోవాక్యూమ్ మరీ మెల్లగా నడుస్తోందేమో, కాస్ట్ లిమిట్ 200 నుంచి 2000కి పెంచు, స్కేల్ ఫ్యాక్టర్ 0.2 నుంచి 0.01కి దించు. మ్యాక్స్ వాల్ సైజ్ (వాల్ అంటే మార్పులన్నీ ముందు రాసుకునే లాగ్) కూడా 1 జీబీ డిఫాల్ట్ చాలా తక్కువ, రాతలు ఎక్కువున్న చోట చెక్‌పాయింట్లు ఊరికే వస్తూ ఉంటాయి, 8 దాకా పెట్టు.

ప్లాన్_చదువరి:

బాబాయ్ గారూ, ఆ 512 ఎంబీ మాట గ్లోబల్‌గా పెట్టమని మాత్రం చెప్పకండి దయచేసి. వర్క్ మెమ్ అనేది సర్వర్ మొత్తానికి కాదు, కనెక్షన్‌కి ఒకటి కూడా కాదు, క్వెరీలో ఉన్న ఒక్కో సార్టుకి, ఒక్కో హ్యాష్‌కి విడివిడిగా అంత దాకా వాడుకోవచ్చు అని అర్థం, పైగా హ్యాష్‌లకైతే 15లో దానికి రెండింతలు. వంద కనెక్షన్లు తలా ఒక సార్ట్ పెట్టుకున్నా 50 జీబీ అయిపోతుంది, అప్పుడు లైనక్స్ వచ్చి పోస్ట్‌గ్రెస్‌నే చంపుతుంది. మీ రిపోర్ట్‌కి పనిచేసింది నిజమే అయ్యుంటుంది, ప్లాన్లో సార్ట్ మెథడ్ ఎక్స్‌టర్నల్ మెర్జ్ డిస్క్ అని కనపడి ఉంటుంది, అలాంటి సెషన్‌లో మాత్రమే సెట్ లోకల్ కొట్టి పెంచుకుంటే సరిపోతుంది. ఇక్కడ అసలు సార్టే లేదు, ఇండెక్స్ వరసలోనే వస్తోంది.

ప్రశ్న అడిగినాయనకి: ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ బఫర్స్ ఆన్ చేసి అవుట్‌పుట్ పెట్టండి. బఫర్స్ లేకుండా పెడితే చూడను 😀 అలాగే వాక్యూమ్ వెర్బోస్ జాబ్స్ అని చేత్తో ఒకసారి కొట్టి అది ఏమన్నదో ఉన్నదున్నట్టు పెట్టండి.

క్యూలో_ఇరుక్కున్నా:

థాంక్స్ అండీ. ప్లాన్ చాలా చిన్నది, లిమిట్ కింద లాక్ రోస్, దాని కింద ఇండెక్స్ స్కాన్, మన పార్షియల్ ఇండెక్సే వాడుతోంది. రోస్ 1. రోస్ రిమూవ్డ్ బై ఫిల్టర్ అన్న లైనే లేదు. బఫర్స్ షేర్డ్ హిట్ 6 లక్షల చిల్లర, రీడ్ దాదాపు సున్నా. ఎగ్జిక్యూషన్ టైం 6,140 మిల్లీసెకన్లు.

వాక్యూమ్ వెర్బోస్ అయితే ఇలా అంది: టపుల్స్ 0 రిమూవ్డ్, 2.64 కోట్లు రిమెయిన్, అందులో 2.63 కోట్లు డెడ్ బట్ నాట్ యెట్ రిమూవబుల్. కింద ఇంకో లైనుంది, రిమూవబుల్ కటాఫ్ అని ఏదో నంబరిచ్చి అది 3.5 కోట్ల ఎక్స్ఐడీల (ట్రాన్సాక్షన్ నంబర్ల) పాతది అంటోంది. దీని అర్థం నాకు సగమే తెలుస్తోంది.

ప్లాన్_చదువరి:

ఆ ఒక్క లైన్లోనే మీ కథంతా ఉంది.

ముందు ప్లాన్ సంగతి. ఒక్క రో తేవడానికి ఆరు లక్షల పేజీలు తిరిగింది, పేజీ 8 కేబీ కాబట్టి దగ్గర దగ్గర 5 జీబీ మెమరీ తిరగేసింది అన్నమాట, అదీ ప్రతి వర్కరూ ప్రతిసారీ. డిస్క్ రీడ్ లేదు కాబట్టి ర్యామ్ ఇంకో 64 జీబీ పెట్టినా లాభం లేదు, ఆల్రెడీ అంతా ర్యామ్‌లోనే ఉంది. ఫిల్టర్ దగ్గర పడేసినవి కూడా లేవంటే, అది తిరిగిన రోస్ అన్నీ కండిషన్ దాకా కూడా రాలేదు, కంటికే కనపడని చచ్చిన వెర్షన్లు అవి. పోస్ట్‌గ్రెస్‌లో అప్‌డేట్ అంటే ఉన్నదాన్ని దిద్దడం కాదు కదా, కొత్త వెర్షన్ రాసి పాతదాన్ని అక్కడే వదిలేస్తుంది. మీ జాబ్ ఒక్కోటి మూడు శవాలు వదుల్తోంది, పెండింగ్‌ది ఒకటి, రన్నింగ్‌ది ఒకటి, చివర్లో డిలీట్ అయిన డన్‌ది ఒకటి. ఎనిమిది లక్షలు ఇంటూ మూడు, రోజుకి 24 లక్షలు. 2.63 కోట్లని దాంతో భాగిస్తే పదకొండు రోజులు వస్తుంది. పదకొండు రోజుల క్రితం ఏదో మొదలైంది, ఇంకా నడుస్తోంది.

క్యూ టేబుల్‌కి ఇది మరీ ఘోరంగా తగులుతుంది, ఎందుకంటే మీరు అడిగేది అన్నిటికన్నా పాతది. ఇండెక్స్‌లో పాత చివర నుంచే మొదలెట్టాలి, శవాలన్నీ ఆ చివరే గుట్ట పడి ఉన్నాయి, ఆ గుట్ట మొత్తం దాటితే గానీ బతికున్న మొదటి రో దొరకదు. మామూలు రోజుల్లో ఇండెక్స్ స్కానే దార్లో చచ్చినవాటికి గుర్తు పెట్టేస్తుంది, తర్వాత వచ్చినవాళ్ళు వాటిని వదిలేసి పోతారు, కానీ ఆ గుర్తు పెట్టాలన్నా ఆ వెర్షన్ ఎవ్వరికీ అక్కర్లేదని గ్యారంటీ ఉండాలి. ఇప్పుడు ఎవరికో అక్కర ఉంది. అందుకే వాక్యూమ్ కూడా చేతులు కట్టుకుని చూస్తోంది.

వాక్యూమ్ ఫుల్ కొట్టినా తగ్గలేదన్నారు చూడండి, అదీ ఇందుకే. అది బతికున్నవాటితో పాటు ఇంకా తీయకూడని చచ్చినవాటిని కూడా జాగ్రత్తగా కొత్త ఫైల్లోకి మోసుకెళ్తుంది. ఇల్లు మారాం గానీ చెత్త కూడా లారీ ఎక్కించుకుని వచ్చాం అన్నట్టు. బాబాయ్ చెప్పిన కాస్ట్ లిమిట్, స్కేల్ ఫ్యాక్టర్ తప్పని కాదు, తర్వాత పనికొస్తాయి, ఇప్పుడైతే ఖాళీ చీపురుని ఇంకా స్పీడుగా ఊపడమే.

కాన్ఫిగ్_బాబాయ్:

సర్లే ఒప్పుకున్నా 🙏 వెర్బోస్ అవుట్‌పుట్ అంత వివరంగా చెప్తుందని నిజంగా తెలీదు, నేనెప్పుడూ చివరి లైన్ చూసి మూసేసేవాడ్ని.

క్యూలో_ఇరుక్కున్నా:

అర్థమైంది అండీ, కానీ ఆ పట్టుకుని ఉన్నది ఎవరు? పీజీ స్టాట్ యాక్టివిటీ మళ్ళీ చూశా, ఇప్పుడు కూడా ఏం లేదు. పదకొండు రోజుల క్రితం డిప్లాయ్ కూడా ఏం చేయలేదు మేం.

పాత_డీబీఏ:

లేటుగా వచ్చాను. ప్లాన్ చదువరి గారు సరిగ్గానే పట్టుకున్నారు, నేను మిగతా సగం చెప్తా.

వాక్యూమ్‌ని వెనక్కి లాగేవి నాలుగు చోట్ల దాక్కుంటాయి, జనం ఒక్క చోటే వెతుకుతారు. మొదటిది మీరు చూసింది, ఇదే సర్వర్లో తెరిచి వదిలేసిన ట్రాన్సాక్షన్. ఇందులో కూడా స్టార్ట్ టైం చూడటం కన్నా బ్యాకెండ్ ఎక్స్‌ఐడీ, బ్యాకెండ్ ఎక్స్‌మిన్ (ఆ సెషన్‌కి ఇంకా అక్కర ఉన్న అన్నిటికన్నా పాత ట్రాన్సాక్షన్ నంబర్) కాలమ్స్‌కి ఏజ్ వేసి పెద్దది పైకి వచ్చేలా ఆర్డర్ పెట్టుకుని చూడాలి. రెండోది టూ ఫేజ్ కమిట్‌లో ప్రిపేర్ చేసి మర్చిపోయినవి, పీజీ ప్రిపేర్డ్ ఎక్సాక్ట్స్‌లో ఉంటాయి, మ్యాక్స్ ప్రిపేర్డ్ ట్రాన్సాక్షన్స్ డిఫాల్ట్ సున్నా కాబట్టి మీరు కావాలని పెంచుకుంటే తప్ప ఆ గొడవ ఉండదు. మూడోది రెప్లికేషన్ స్లాట్లు, అంటే రెప్లికాకి (కాపీ సర్వర్‌కి) ఇంకా ఏం కావాలో ప్రైమరీ (అసలు సర్వర్) గుర్తుపెట్టుకునే చోటు. నాలుగోది రెప్లికా మీద నడిచే క్వెరీలు, ఇది ప్రైమరీలో ఎంత వెతికినా పీజీ స్టాట్ యాక్టివిటీలో కనపడదు. మీకు రెప్లికా ఉందా? ఉంటే హాట్ స్టాండ్‌బై ఫీడ్‌బ్యాక్ (తన క్వెరీలకి ఏ పాత వెర్షన్లు అక్కరో రెప్లికా ప్రైమరీకి చెప్పే సెట్టింగ్) ఆన్‌లో ఉందా? ప్రైమరీలో పీజీ రెప్లికేషన్ స్లాట్స్ తెరిచి ఎక్స్‌మిన్ కాలమ్, దాని ఏజ్ చెప్పండి. స్లాట్ వాడకపోతే పీజీ స్టాట్ రెప్లికేషన్‌లో బ్యాకెండ్ ఎక్స్‌మిన్.

క్యూలో_ఇరుక్కున్నా:

సార్!!! దొరికింది.

రెప్లికా ఒకటుంది, రిపోర్టుల వాళ్ళకి ఇచ్చాం. స్లాట్ ఎక్స్‌మిన్ ఏజ్ 3.5 కోట్లు, వాక్యూమ్ వెర్బోస్ చెప్పిన కటాఫ్ నంబరూ ఇదీ అచ్చంగా ఒకటే. ఫీడ్‌బ్యాక్ ఆన్‌లోనే ఉంది, ఎవరు పెట్టారో మా వాళ్ళలో ఎవరికీ గుర్తులేదు, పాత చాట్ వెతికితే బయటపడింది, అప్పట్లో రిపోర్టులు మధ్యలో క్యాన్సిలింగ్ స్టేట్‌మెంట్ డ్యూ టు కాన్ఫ్లిక్ట్ విత్ రికవరీ అని ఆగిపోతున్నాయని ఎవరో దీన్ని ఆన్ చేశారు.

రెప్లికాలో పీజీ స్టాట్ యాక్టివిటీ చూస్తే రిపోర్ట్ యూజర్ పేరు మీద ఒక సెషన్, స్టేట్ ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్, ట్రాన్సాక్షన్ స్టార్ట్ పదకొండు రోజుల కింద. ఇదేనా? చంపేయనా?

పాత_డీబీఏ:

అదే. ఆగండి, చంపే ముందు అది ఏ క్వెరీయో కాపీ చేసి పెట్టుకోండి, తర్వాత వాళ్ళతో మాట్లాడాలి కదా. తర్వాత రెప్లికాలోనే పీజీ టెర్మినేట్ బ్యాకెండ్ కొట్టండి. రెప్లికా తన ఎక్స్‌మిన్‌ని వాల్ రిసీవర్ స్టేటస్ ఇంటర్వెల్ ప్రకారం ప్రైమరీకి చెప్తూ ఉంటుంది, డిఫాల్ట్ 10 సెకన్లు, ఆ లోపు స్లాట్ ఎక్స్‌మిన్ ముందుకు దూకాలి.

ఇంకో సంగతి, ఉత్త ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ అయితే రెప్లికాలో ఇంత పని జరగదు. డిఫాల్ట్ రీడ్ కమిటెడ్‌లో సెలెక్ట్ అయిపోగానే స్నాప్‌షాట్ (ఏ వెర్షన్లు కనపడాలో చెప్పే గుర్తు) వదిలేస్తుంది, రెప్లికాలో ట్రాన్సాక్షన్ ఐడీ ఎలాగూ పుట్టదు. కాబట్టి అది రిపీటబుల్ రీడ్‌లో (ట్రాన్సాక్షన్ అంతా ఒకే స్నాప్‌షాట్ పట్టుకునే మోడ్) అయినా ఉండాలి, లేదా కర్సర్ తెరిచి సగంలో వదిలేసి అయినా ఉండాలి. రిపోర్ట్ టూల్స్ రెండోది చేస్తాయి, పెద్ద రిజల్ట్‌ని ముక్కలు ముక్కలుగా తెచ్చుకోవడానికి ఫెచ్ సైజ్ పెడతారు, మొదటి వెయ్యి లైన్లు తెర మీద చూపించి, యూజర్ కిందకి స్క్రోల్ చేస్తాడేమోనని కూర్చుంటాయి. యూజర్ ల్యాప్‌టాప్ మూసి వెళ్ళిపోతాడు, వెనకాల టూల్ సర్వర్ మాత్రం కనెక్షన్‌ని కళ్ళలో ఒత్తులు వేసుకుని కాపాడుతూ ఉంటుంది.

క్యూలో_ఇరుక్కున్నా:

సేమ్ టు సేమ్ సార్. రిపోర్ట్ టూలే, ఫెచ్ సైజ్ 1000. ఆ క్వెరీ జాబ్స్ టేబుల్‌ని ముట్టుకోనే లేదు, అదేదో పాత ఇన్వాయిస్‌ల లిస్ట్! వేరే టేబుల్ చదివినా మా క్యూ మీద పడుతుందా?

టెర్మినేట్ కొట్టా. అయిదారు సెకన్లలో స్లాట్ ఎక్స్‌మిన్ ఏజ్ 3.5 కోట్ల నుంచి 40కి పడింది. ఇప్పుడు వాక్యూమ్ దానంతటదే వస్తుందా నేనే కొట్టాలా?

పాత_డీబీఏ:

పడుతుంది. ఆ స్నాప్‌షాట్ తర్వాత ఏ టేబుల్ని చదువుతుందో పోస్ట్‌గ్రెస్‌కి ముందే తెలీదు కదా, అందుకే ఒకే డేటాబేస్‌లో ఉన్న టేబుల్స్ అన్నిటికీ అదే హారిజన్, అంటే వాక్యూమ్ దాటకూడని హద్దు. రెప్లికా నుంచి వచ్చిన ఎక్స్‌మిన్ అయితే ఏ డేటాబేస్‌దో కూడా చెప్పదు, క్లస్టర్ మొత్తానికి తగులుతుంది.

వాక్యూమ్ మీరే కొట్టండి. ఆటోవాక్యూమ్ వస్తుంది గానీ అది మధ్య మధ్యలో ఆగుతూ మెల్లగా చేస్తుంది, చేత్తో కొట్టేదానికి ఆ బ్రేకులు ఉండవు. కొట్టే ముందు ఆ సెషన్‌లో మెయింటెనెన్స్ వర్క్ మెమ్ 1 జీబీ పెట్టుకోండి. డిఫాల్ట్ 64 ఎంబీలో చచ్చిన రోస్ అడ్రసులు, ఒక్కోటి 6 బైట్లు, 1.1 కోట్లే పడతాయి, మీకు 2.6 కోట్లు ఉన్నాయి, అంటే ఇండెక్సులన్నిటినీ మూడుసార్లు మొదట్నుంచి చివరిదాకా తిరగాల్సి వస్తుంది. 1 జీబీ ఉంటే ఒక్కసారితో పోతుంది. 17వ వెర్షన్లో ఈ లెక్క మారింది, అడ్రసులు దాచే పద్ధతే మార్చారు, మెమరీ చాలా తక్కువ తింటుంది. మీరు 15లో ఉన్నారు కాబట్టి పాత లెక్కే.

ఇది అయ్యాక క్వెరీ మళ్ళీ మామూలైపోతుంది. ఫైల్ సైజు మాత్రం 9 జీబీ దగ్గరే ఉండొచ్చు, వాక్యూమ్ ఖాళీ చేసిన జాగాని మళ్ళీ వాడుకోమని వదిలేస్తుందే తప్ప ఓఎస్‌కి తిరిగివ్వదు, చివర్లో పూర్తిగా ఖాళీ అయిన పేజీలుంటే అవి మాత్రం కోస్తుంది. అది ఇబ్బంది అనిపిస్తే రాత్రి వర్కర్లు ఆపి వాక్యూమ్ ఫుల్ కొట్టండి. ప్రొడక్షన్లో అది ముట్టుకోవద్దని అందరూ అంటారు, మామూలుగా నేనూ అంటాను, యాక్సెస్ ఎక్స్‌క్లూజివ్ లాక్ పట్టుకుని చదవడం కూడా ఆపేస్తుంది కాబట్టి. కానీ మీకు మోయాల్సింది 38 వేల రోస్, దానికి పీజీ రీప్యాక్ (ఎక్కువసేపు లాక్ పట్టకుండా టేబుల్‌ని కుదించే ఎక్స్‌టెన్షన్) దాకా పోవడం అనవసరం. లాక్ టైమౌట్ 3 సెకన్లు పెట్టుకుని కొట్టండి చాలు, ఎందుకంటే లాక్ కోసం అది లైన్లో నిలబడితే దాని వెనక మామూలు సెలెక్టులు కూడా నిలబడిపోతాయి, ఆ సంగతి చాలామందికి సైట్ పడిపోయాకే తెలుస్తుంది.

క్యూలో_ఇరుక్కున్నా:

వాక్యూమ్ అయింది, క్వెరీ 2 మిల్లీసెకన్లు!!! వారం రోజుల తర్వాత మొదటిసారి నవ్వుతున్నా. రాత్రికి ఫుల్ కొడతా.

ఇప్పుడు మళ్ళీ ఇలా కాకుండా ఏం చేయాలి? మా వాళ్ళు ఫీడ్‌బ్యాక్ ఆఫ్ చేసేద్దాం అంటున్నారు.

ప్లాన్_చదువరి:

ఆఫ్ చేస్తే రిపోర్టుల వాళ్ళు మళ్ళీ మీ తలుపు కొడతారు. వాక్యూమ్ తీసేసిన రోస్ సమాచారం వాల్‌లో రెప్లికాకి వస్తుంది, అక్కడ ఎవరో అవే చదువుతుంటే రెప్లికా మ్యాక్స్ స్టాండ్‌బై స్ట్రీమింగ్ డిలే దాకా, అంటే డిఫాల్ట్ 30 సెకన్లు, ఆగి తర్వాత క్వెరీని చంపేస్తుంది. ఆ డిలే పెంచితే రెప్లికా అంతసేపు వెనకపడుతుంది. ఫీడ్‌బ్యాక్ ఆన్ చేస్తే ప్రైమరీ ఉబ్బుతుంది. ఎవరో ఒకరు మోయాల్సిందే. నేనైతే ఫీడ్‌బ్యాక్ ఉంచి రిపోర్ట్ యూజర్‌కి ముకుతాడు వేస్తా.

పాత_డీబీఏ:

అవును, ప్రైమరీలో ఆల్టర్ రోల్ చేసి ఆ యూజర్‌కి ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ సెషన్ టైమౌట్ 10 నిమిషాలు పెట్టండి, ఆ సెట్టింగ్ రెప్లికాకి కూడా వెళ్తుంది, కొత్తగా కనెక్ట్ అయ్యే సెషన్లకి వర్తిస్తుంది. డిఫాల్ట్ సున్నా, అంటే ఎప్పటికీ చంపదు. దీంతోపాటు స్టేట్‌మెంట్ టైమౌట్ కూడా పెట్టండి, ఆరుగంటలు నిజంగానే నడిచే క్వెరీని ఐడిల్ టైమౌట్ పట్టుకోదు, అది ఐడిల్ కాదు కాబట్టి. 17కి వెళ్ళాక ట్రాన్సాక్షన్ టైమౌట్ అని మొత్తానికి ఒకటే ఉంది.

జాబ్స్ టేబుల్‌కి విడిగా స్కేల్ ఫ్యాక్టర్ 0.01, కాస్ట్ డిలే 0 పెట్టండి, బాబాయ్ గారి సలహా ఇక్కడికి సరిగ్గా సరిపోతుంది. సర్వర్ మొత్తానికి అక్కర్లేదు.

అలర్ట్ ఒకటి కట్టుకోండి. ముందు చెప్పిన నాలుగు చోట్ల ఉన్న ఎక్స్‌మిన్ ఏజ్‌లలో పెద్దది ఎంత అని నిమిషానికోసారి చూడటమే, మీ ట్రాఫిక్‌కి గంటకి లక్షా ముప్పై వేలు పెరుగుతుంది కాబట్టి అయిదు లక్షలు దాటితే మోగేలా పెట్టండి. డెడ్ టపుల్స్ మీద అలర్ట్ పెడతారు చాలామంది, అది మోగేసరికి క్యూ ఆల్రెడీ నెమ్మదించి ఉంటుంది. ఈసారి క్యూ టేబుల్ ఉండబట్టి పదకొండు రోజుల్లో బయటపడింది గానీ, అది లేని సిస్టంలో ఇదే సెషన్ రెండు నెలలకి పైగా ఉంటే మీ స్పీడుకి ఏజ్ 20 కోట్లు దాటేది, అప్పుడు ర్యాప్అరౌండ్ (ట్రాన్సాక్షన్ నంబర్లు అయిపోయి మళ్ళీ మొదటికి తిరగడం) ఆపడానికని టేబుల్ టేబుల్‌కీ వాక్యూమ్ బలవంతంగా మొదలవుతుంది, పాత రోస్‌ని ఫ్రీజ్ (ఇక వాటి ట్రాన్సాక్షన్ నంబర్ చూడక్కర్లేదని గుర్తు పెట్టడం) చేయనివ్వకుండా ఆ సెషనే అడ్డం కూర్చుంటుంది. ఇంకా పట్టించుకోకపోతే 200 కోట్లు దాటాక డేటాబేస్ రాతలే ఆపేస్తుంది. ఒకచోట ఆ స్టేజ్ అంచు దాకా వెళ్ళి వెనక్కొచ్చా, రెండు రాత్రులు నిద్ర లేదు.

కాన్ఫిగ్_బాబాయ్:

ఈ థ్రెడ్ చదివి మా రెప్లికా చూశా. నాలుగు రోజుల సెషన్ ఒకటుంది. నాదే 😐

క్యూలో_ఇరుక్కున్నా:

అప్‌డేట్: రాత్రి ఫుల్ కొట్టా. మొదటిసారి లాక్ టైమౌట్‌కి ఫెయిల్ అయింది, ఒక వర్కర్ ఆపడం మర్చిపోయా, రెండోసారికి లాక్ దొరికింది. 9 జీబీ టేబుల్ 14 ఎంబీ అయింది. టైమౌట్లు రెండూ పెట్టేశాం, అలర్ట్ కూడా. పొద్దున్నే రిపోర్టుల వాళ్ళ నుంచి ఫోన్, టీ తాగొచ్చేసరికి నా స్క్రీన్ డిస్‌కనెక్ట్ అయిపోయింది ఏమైంది అని. ఇరవై నిమిషాలు మాట్లాడి ఫెచ్ సైజ్ తీసేసి, మొత్తం ఒకేసారి ఫైల్లోకి ఎక్స్‌పోర్ట్ చేసుకునేలా ఒప్పించా. పాత డీబీఏ గారూ, ఆ 20 కోట్ల సంగతి విన్నాక మిగతా రెండు సర్వర్లు కూడా చూస్తున్నా, ఒకదాంట్లో ఎవరో వదిలేసిన స్లాట్ ఉంది, యాక్టివ్ ఫాల్స్, వాల్ 210 జీబీ పట్టుకుని కూర్చుంది. దానికి కొత్త థ్రెడ్ వేస్తా.